మీకు తెలుసా? నేల విడిచిన సాము

సాము అంటే కర్ర తిప్పడం, కత్తి తిప్పడం, కుస్తీ పట్టడం. గరిడీ అంటే అవి నేర్పే చోటు. పిల్లల్ని స్కూటీ మీద తీసుకెళ్లి కరాటే క్లాసులో దింపి వచ్చే ఇవాళ్టి అమ్మానాన్నలకు ఈ రెండు మాటలూ కొత్తగా అనిపించొచ్చు. ‘నేల విడిచి సాము’ అన్న మాట మాత్రం అందరి నోటా వింటూనే ఉంటాం. ఈ వారం ముక్కలన్నీ ఆ నేల గురించే. క్లాసులో నేర్చింది రోడ్డు మీద ఎందుకు తడబడుతుంది, ఎప్పుడు నిలబడుతుంది అన్నదాని గురించి.

మీకు తెలుసా? కంటికి ఒకటి కనపడ్డాక చెయ్యి కదలడానికి మామూలు మనిషికి సుమారు 0.2 నుంచి 0.25 సెకను పడుతుంది. అదీ కుర్చీలో తీరుబడిగా కూర్చుని, లైటు వెలగ్గానే మీట నొక్కాలని ముందే తెలిసి, వేలు దాని మీదే ఉంచుకున్నప్పటి లెక్క. లైట్లు రెండై, నాలుగై, ఎనిమిదై, ఒక్కోదానికి ఒక్కో మీట ఉంటే ఆ టైము పెరుగుతూ పోతుందని విలియం ఎడ్మండ్ హిక్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1952లో చూపించాడు. ఇప్పుడు కరాటే క్లాసు గుర్తు తెచ్చుకోండి. మొహానికి వచ్చే గుద్దుకు ఒక బ్లాకు, కడుపుకు వచ్చేదానికి ఇంకొకటి, తన్నుకు మరొకటి. లోపల్నుంచి బయటికి ఒకటి, బయట్నుంచి లోపలికి ఒకటి. డజను మీటలు! ఎదుటివాడు మూరెడు దూరంలో నిలబడి ఉంటే, వాటిలో ఏది నొక్కాలో తేలేలోపే చెంప మోగిపోతుంది.

మరి బాక్సర్లు ఎలా తప్పించుకుంటారంటారా? వాళ్లు గుద్దు కోసం కాచుకుని కూర్చోరు. భుజం కదలికను, నడుము తిరిగే తీరును, కాలు పడే చోటును కనిపెడుతూ ఉంటారు. క్రికెట్లో 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. అతనూ బంతి వచ్చాక తేల్చుకుంటే ఆలస్యమే, బౌలర్ చేతిలో ఉండగానే దాన్ని చదవాలి. పైగా రింగులో ఒక సదుపాయం ఉంది. నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్‌కు, ఎదురుగా నిలబడ్డ అమ్మాయి తనను కొట్టడానికే వచ్చిందన్న సంగతి గంట మోగకముందే తెలుసు. వీధిలో గంట మోగదు.

మీకు తెలుసా? అనుకోని దెబ్బకు ఒళ్లు చేసే మొదటి పని ఏ గురువూ నేర్పింది కాదు. కళ్లు మూసుకుపోతాయి. భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ లోపలికి పోతుంది, మోచేతులు ముడుచుకుంటాయి. దీపావళికి వెనకనుంచి ఎవరైనా లక్ష్మీబాంబు పేల్చినప్పుడు పక్కవాళ్లను గమనించండి, మాస్టారైనా, మనవడైనా ఒకటే భంగిమ. ఆలోచన కంటే ముందే జరిగిపోయే ఉలికిపాటు అది. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదవకముందే నా చెంపకు తెలిసింది.

1994లో మాట. ఒంగోలు. అప్పటికి నాది బ్రౌన్ బెల్టు. రోజూ పొద్దున ఐదున్నరకు గ్రౌండులో ‘ఇచ్, ని, సాన్, షి’ అని అరుస్తూ గాలిని గుద్దేవాళ్లం. తర్వాత జోడీలు. ఎదుటివాడు ‘జోదాన్’ అని చెప్పి మరీ మొహానికి గుద్దు విసిరేవాడు, విసిరిన చెయ్యి అలాగే చాపి ఉంచేవాడు. మనం దాన్ని పక్కకు కొట్టి, పక్కటెముకల్లో ఒకటి, గొంతు దగ్గర ఒకటి ఆపి చూపించి ‘కియాయ్’ అని అరిచేదాకా పాపం అలాగే నిలబడేవాడు. అంత మర్యాదస్తుడు నాకు క్లాసు బయట ఇంతవరకు తగల్లేదు.

ఒకరోజు సెకండ్ షో వదిలాక సైకిల్ స్టాండులో నా సైకిల్ పెడలు ఎవరిదో స్పోకుల్లో ఇరుక్కుంది. లాగుతున్నాను. ఆ సైకిల్ తాలూకు మనిషి వచ్చాడు. నాకంటే పొట్టి, లుంగీ, నోట్లో కిళ్లీ. ‘ఏంది, ఇరగ్గొడతావా?’ అన్నాడు. నేను సర్దిచెబుతున్నాను, అతను వింటున్నట్టే తలూపుతున్నాడు. ఎడం చేత్తో నా కాలరు పట్టుకోవడం, కుడి చేత్తో చెంప మీద కొట్టడం ఒక్కసారే జరిగాయి. ఇంకోటి. ఇంకోటి. మూడేళ్లు నేర్చిన బ్లాకుల్లో ఒక్కటీ పలకలేదు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని, సైకిళ్ల మీదకు ఒరిగిపోయాను. విచిత్రం ఏంటంటే, మూడో దెబ్బ పడ్డాక నా కుడికాలు దానంతట అదే వెనక్కి జరిగి, ముందు మోకాలు వంగి, చక్కటి స్టాన్సులో నిలబడింది. నడుం పైన చిందరవందర, నడుం కింద బెల్టు పరీక్ష. నాతో వచ్చిన స్నేహితుడు, జన్మలో ఒక్క గుద్దూ నేర్వనివాడు, అతన్ని వెనకనుంచి వాటేసుకుని పక్కకు ఈడ్చాడు. అంతే, గొడవ అయిపోయింది. ఇంటికెళ్లేదాకా పెడల్ మీద కాలు ఆనలేదు, అంత వణుకు.

మర్నాడు వాచిన చెంప చూసి మాస్టారు తిట్టలేదు. “కొట్టేముందు వాడి కుడిచెయ్యి ఎక్కడుందిరా?” అని అడిగారు.

“చూళ్లేదు మాస్టారూ.”

“ఎంత దూరంలో నిలబడ్డాడు?”

అదీ చెప్పలేకపోయాను. “అయితే నీకు రానిది బ్లాకు కాదులే” అన్నారు.

ఆ వారం నుంచి క్లాసు చివర పది నిమిషాలు కొత్త ఆట మొదలైంది. ఒకణ్ణి మధ్యలో నిలబెట్టి నలుగురం చుట్టూ తిరిగేవాళ్లం. ఒకడు అడ్రసు అడుగుతాడు, ఒకడు బూతులు తిడతాడు, ఒకడు భుజంతో నెడతాడు. ఎవడో ఒకడు, ఎప్పుడో ఒకప్పుడు కొడతాడు. మొదటి నెలంతా అందరం కళ్లు మూసుకున్నవాళ్లమే. రానురాను, ఉలిక్కిపడి మొహం మీదకు లేచిన ఆ చేతులనే అడ్డుగా వాడుకుని, అక్కణ్ణుంచే ఎదుటివాడి ఛాతీని నెట్టి పక్కకు తప్పుకోవడం అలవాటైంది. ఒళ్లు ఎలాగూ చేసే పనినే విద్యగా మార్చుకోవడమన్నమాట. బెల్టు పరీక్షలో దానికి మార్కుల్లేవు.

మీకు తెలుసా? గొడవ తర్వాత కాళ్లు వణకడం పిరికితనం కాదు. భయం, కోపం వచ్చినప్పుడు అడ్రినలిన్ రక్తంలోకి దూకి ఒంటిని కొట్లాటకో పరుగుకో సిద్ధం చేస్తుందని అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే పుస్తకం రాశాడు. గుండె దడ, పొడారిన నోరు, వణికే వేళ్లు అన్నీ దాని పనే. ఆ ఊపులో నెట్టడం, పరిగెత్తడం, గట్టిగా వాటేసుకోవడం లాంటి మోటు పనులు బాగానే సాగుతాయి. మణికట్టు పట్టి, బొటనవేలి మూల వెతికి, సున్నితంగా మెలిపెట్టే కళ మాత్రం చేతికి అందదు. తాళంచెవి తాళంలో పెట్టడానికే మూడుసార్లు ప్రయత్నించాల్సిన వేళ అది.

మీకు తెలుసా? ప్రమాదకరమైన పట్లు పక్కన పెడితే ఒక యుద్ధవిద్య ఇంకా పదునెక్కింది. వినడానికి తిరకాసుగా ఉంది కానీ, జిగోరో కానో 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో జూడో మొదలుపెట్టి చేసింది అదే. పాత జుజుత్సులో ఎదుటివాణ్ణి అవిటివాణ్ణి చేసే దెబ్బలు, మెలికలు బోలెడు. చిక్కల్లా ఒకటే. వాటిని జోడీ మీద నిజంగా ప్రయోగించలేం, ప్రయోగిస్తే రేపటికి జోడీ మిగలడు. కాబట్టి ‘నువ్వు ఇలా రా, నేను ఇలా చేస్తా’ అని ముందే ఒప్పందం చేసుకుని ఆడాల్సిందే. కానో అలాంటివాటిని ఒప్పందపు సాధనకే వదిలేసి, మిగిలినవాటిని ఎదుటివాడు ఒప్పుకోకుండా పెనుగులాడుతుండగా, ఉన్న బలమంతా పెట్టి చేయించాడు. దాని పేరు రందోరి. ప్రాణాంతకమైన వంద పట్లు తెలిసి ఒక్కటీ నిజంగా పట్టనివాడి కంటే, పది పట్లు రోజూ మొండివాళ్ల మీద పట్టినవాడే గట్టివాడన్నది ఆయన లెక్క.

ఇది మనకు కొత్తేం కాదు. కుస్తీ పట్టే తాలీముల్లో దీన్ని ‘జోర్’ అంటారు. మట్టి గుల్ల చేసి, దండాలు, బైఠకీలు తీసి, ఆ తర్వాత జోర్ పట్టే పహిల్వానుకు ఎవరూ చెయ్యి చాపి ‘ఇదిగో పట్టుకో’ అని నిలబడరు. కర్రసాము చూడ్డానికి ఎంత కళ్లు చెదిరేలా ఉన్నా, ఒంటరిగా తిప్పే కర్రకూ ఎదురుకర్ర తగిలే కర్రకూ ఉన్న తేడా తిప్పినవాడి మణికట్టుకే తెలుసు.

కానో పెంచిన మొక్క తీగ ఎంత దూరం పాకిందో చూడండి. ఆయన బడిలో నేర్చిన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడ కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడికి ఆ విద్య అబ్బింది, ఆ ఇల్లంతా దాన్నే పట్టుకుంది. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో, ఏ విద్య గొప్పదో తేలుద్దామని బరువు తరగతులు లేకుండా ఒక పోటీ పెట్టారు. అదే మొదటి యూఎఫ్‌సీ. బాక్సర్, సుమో యోధుడు, కిక్‌బాక్సర్లు అందరూ దిగారు. ఎనభై కిలోల రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని ఓడించి గెలిచాడు, మూడు పోటీలూ కలిపి దాదాపు ఐదు నిమిషాల్లో. ఎవరినీ చావగొట్టలేదు. నేల మీదకు లాగి, పైకెక్కి, ఇద్దరికైతే గొంతు బిగించి, ఓడిపోయానని వాళ్ల చేతే చెప్పించాడు.

అయితే రోడ్డు మీద కూడా నేలకు లాగేద్దామా? ఇక్కడే నాకు సందేహం. డెన్వర్‌లో కింద మెత్తటి పరుపు ఉంది, బరిలో మూడో పోటీదారు లేడు. కొరకడం, కళ్లు పొడవడం కూడదన్న నియమమూ ఉంది, అయినా ఫైనల్లో జెరార్డ్ గోర్డో తన చెవి కొరికాడని రాయిస్ తర్వాత చెప్పాడు. మన వీధిలో తారు, కంకర, సీసా పెంకులు. పైగా నేల మీద ఒకడి గొంతు బిగిస్తున్నవాడికి వెనకనుంచి వచ్చే రెండోవాడి చెప్పు కాలు కనపడదు.

మీకు తెలుసా? బాక్సింగ్ గ్లవ్స్ ముఖ్యంగా కాపాడేది వేసుకున్నవాడి చేతినే. 1986 మేలో న్యూయార్క్‌లో మైక్ టైసన్, మిచ్ గ్రీన్ పది రౌండ్లు కొట్టుకున్నారు, టైసన్ పాయింట్ల మీద గెలిచాడు. రెండేళ్ల తర్వాత, 1988 ఆగస్టు 23 తెల్లవారుజామున హార్లెమ్‌లో ఒక బట్టల దుకాణం దగ్గర అదే ఇద్దరూ ఎదురుపడి మాటా మాటా అనుకున్నారు. టైసన్ గుద్దాడు. గ్రీన్ కన్ను వాచి మూసుకుపోయింది, టైసన్ కుడిచేతి ఎముక చిట్లింది. అప్పటికి అతను ఓటమెరుగని హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్. ఆ చేతి వల్ల ఫ్రాంక్ బ్రూనోతో జరగాల్సిన పోటీ 1989 ఫిబ్రవరికి వెళ్లిపోయింది. పది రౌండ్లలో గ్లవ్స్ లోపల భద్రంగా ఉన్న చెయ్యి, పట్టీ లేకుండా పుర్రెకు తగిలేసరికి ఓడిపోయింది. చిటికెన వేలు కింది ఎముక విరిగితే డాక్టర్లు దానికి పెట్టుకున్న పేరే ‘బాక్సర్ ఫ్రాక్చర్’.

ఇది ముందే గ్రహించినవాడు విలియం ఫెయిర్‌బెయిర్న్. 1907లో షాంఘై పోలీసుల్లో చేరి, ఆ రేవు సందుల్లో ఏళ్ల తరబడి నిజమైన కొట్లాటలు చూశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలకు నేర్పమంటే, తనకు తెలిసిన విద్యంతా కుమ్మరించలేదు. గుప్పెడు దెబ్బలే ఏరి ఇచ్చాడు. వాటిలోనూ పిడికిలికి పెద్ద పీట లేదు, అరచేతి మడమతో గడ్డం కింద కొట్టడం, అరచేతి అంచుతో నరకడం ముఖ్యం. వారాల్లో యుద్ధానికి పోయేవాడికి డజను మీటలు ఇవ్వకూడదని ఆయనకు తెలుసు.

మీకు తెలుసా? తెలుగు సినిమా ఫైటులో ‘రియాక్షన్’ అంటే దెబ్బ తిన్నవాడు చేసేది. హీరో చెయ్యి తగలకుండా పోతుంది, ఫైటరు సరిగ్గా ఆ క్షణానికి తల విసిరి, గాల్లోకి ఎగిరి కూరగాయల బండి మీద పడతాడు. పాపం అసలు విద్యంతా అతనిదే. పది మంది రౌడీలు వరస తప్పకుండా ఒక్కొక్కరే రావడం కూడా అతని మర్యాదే. 1989లో ‘శివ’ వచ్చాక సైకిల్ చెయిన్ ఎంత పేరు తెచ్చుకుందో ఆ తరానికి చెప్పక్కర్లేదు. మా హాస్టల్లో ముగ్గురు ఒక ఆదివారమంతా కూర్చుని ఒక చెయిన్‌ను ఒట్టి చేత్తో లాగి చూశారు. చెయిన్ తెగలేదు. మూడు చొక్కాలకు అంటిన గ్రీజు కూడా పోలేదు.

మీకు తెలుసా? కత్తి పట్టుకున్నవాడు ఇరవై ఒక్క అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ టూలర్ 1983లో రాసిన వ్యాసంలోని లెక్క ఇది. ఒరలోని పిస్తోలు తీసి కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకు పట్టే టైమూ దాదాపు అంతేనట. పిస్తోలు ఉన్నవాడి గతే అలా ఉంటే, క్లాసులో రబ్బరు కత్తిని ముచ్చటగా లాక్కునే మన సంగతి చెప్పేదేముంది. కావాలంటే ఒక చిన్న పరీక్ష చేయండి. రబ్బరు కత్తి బదులు స్కెచ్ పెన్ను తీసుకుని, పాత తెల్ల బనీను వేసుకుని, జోడీని నిజంగానే పొడవమనండి. బనీను మీద గీతలు లెక్కపెట్టాక ఆ పాఠం ఎవరికీ నచ్చదు.

మీకు తెలుసా? వీధి తగవులో ప్రాణం తీసేది చాలాసార్లు గుద్దు కాదు, రోడ్డు. ఒక్క దెబ్బకు స్పృహ తప్పినవాడు చేతులు కూడా ఆనించలేక నిలువునా వెనక్కి పడతాడు, తల తారుకో ఫుట్‌పాత్ అంచుకో తగులుతుంది. ఇలాంటి చావుల మీద ఆస్ట్రేలియాలో ఎంత ఆందోళన రేగిందంటే, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014లో ప్రత్యేకంగా చట్టం చేసింది. మద్యం మత్తులో ఒక్క గుద్దుతో మనిషిని చంపినా కనీసం 8 ఏళ్ల జైలు.

మీకు తెలుసా? ‘బ్లాక్ బెల్టు వస్తే చేతుల్ని పోలీస్ స్టేషన్లో రిజిస్టరు చేయించాలి’ అని మా క్లాసులో ప్రతి బ్యాచీ నమ్మింది. మన దేశంలో అలాంటి రిజిస్టరే లేదు. ఉన్నది ఆత్మరక్షణ హక్కు, అది తెల్లబెల్టుకూ నల్లబెల్టుకూ ఒకటే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. కాపాడుకోవడానికి కావాల్సినంత హానే చెయ్యాలి, మించకూడదు. పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. ప్రమాదం తప్పిపోయాక హక్కూ పోతుంది, అంటే పారిపోతున్నవాణ్ణి వెంటాడి తన్నిన తన్ను మీ ఖాతాలోకే. ఇక నలుగురు తిరిగే చోట ఇద్దరు కొట్టుకుని జనాన్ని బెదరగొడితే అది ఇద్దరి నేరమూను. పాత ఐపీసీలో దానికి నెల జైలు, లేదా వంద రూపాయల జరిమానా. కొత్త చట్టంలో నెల అలాగే ఉంది, వంద వెయ్యి అయింది.

మీకు తెలుసా? కరాటేను ఒకినావా నుంచి తీసుకెళ్లి 1922లో టోక్యోలో చూపించిన గిచిన్ ఫునాకోషి, తన ఆత్మకథలో తను చేసిన కొట్లాటల గొప్పలు చెప్పుకోలేదు. పడుచువాడిగా ఉన్నప్పుడు ఒక రాత్రి, ఇంట్లో పూజకు పెట్టడానికి తీపి పిండివంట తీసుకెళ్తుంటే దారిలో ఇద్దరు దొంగలు అడ్డగించారట. పొట్లం వాళ్ల చేతిలో పెట్టి వచ్చేశాడు. సంగతి విని గురువు ఇతోసు మంచి పని చేశావని మెచ్చుకున్నాడు.

అదే పుస్తకంలోని ఇంకో సంగతి రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జరిగింది, అప్పటికి ఆయనకు ఎనభై దగ్గరపడుతోంది. రాత్రి ఒంటరిగా నడిచి వస్తుంటే ఒకడు అటకాయించి, ఆయన గొడుగు లాక్కుని దాంతోనే కొట్టబోయాడు. పెద్దాయన కిందికి వంగి తప్పుకుని వాడి వృషణాలు పట్టి బిగించాడు. వాడు విలవిల్లాడిపోయాడు. స్టాన్సు లేదు, బ్లాకు లేదు, కియాయ్ లేదు. అంతలో అటుగా వచ్చిన పోలీసుకు వాణ్ణి అప్పగించి ఇంటికెళ్లాడు. ఆ తర్వాత మాత్రం ఆయనకు మనసు ఊరుకోలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చి పనీపాటా దొరక్క తిరుగుతున్న సైనికుడై ఉంటాడు పాపం అనుకున్నాడు. శిష్యులకు ఎన్నడూ చెయ్యొద్దని చెప్పే పని తనే చేశానని సిగ్గుపడుతున్నట్టు రాసుకున్నాడు.